మూరెడు తోక

నవ్వకయ్యా, నవ్వకు. లోపల పండుకొని నవ్వుతనే ఉంటవని నాకు తెల్వదా? అరవై ఐదేండ్ల ముసల్ది మోకాళ్ల మీద కూసొని నీ సమాధికి సున్నం వేస్తాంటే నీకు నవ్వు రాక ఏమొస్తది!

రెండేండ్లాయె నువ్వు పోయి. ఆత్మల పండుగ వచ్చిందంటే నేనే రావాలె, నేనే గడ్డి పీకాలె, నేనే సున్నం కొట్టాలె. పక్కోళ్ల సమాధులు చూడు, ఒకరు టైల్స్ వేసిండ్రు, ఒకరు గ్రానైట్ పెట్టిండ్రు. నీకు సున్నమే గతి. నీ అల్లుడు జస్టిన్‌ను అడిగితే ఏమంటుండో తెల్సా? "అత్తా, ముందు జీపు సంగతి తేల్చు, మామకు గ్రానైట్ తర్వాత చూద్దాం" అంటుండు. ఛీ! సమాధి కాడ గూడ బేరమేనా?

అదీ సంగతి. జీపు. మన కొంపల ఇంకేముంటది!

నువ్వు నా మొహాన పారేసి పోయిన ఆస్తి అదొక్కటే గదా. సికింద్రాబాద్‌ల మిలిటరోళ్లు ఇగ పనికిరాదని వేలం వేస్తే, నువ్వు దానికి బంతిపూల దండేసి తెచ్చుకున్నవ్. నా పెండ్లిల నా మెడల దండ వంకర వేసినవ్ గాని, దానికి మాత్రం ముడులు సరిచూసి కట్టినవ్. ఎల్లందు బొగ్గుబాయి వర్క్‌షాపుల ఫిట్టర్ కొలువు. క్వార్టర్ ఉండె, నల్లా ఉండె, దవాఖానా ఉండె. అన్నీ ఇడిసిపెట్టి మా అమ్మగారి ఊరని నన్ను ఈ దుమ్ముగూడెం తోలుకొచ్చినవ్. "లిదియా, సంతకు కిరాయి తిప్పుకుంటే రాజాలెక్క బతకొచ్చే" అన్నవ్. అవ్, రాజావే. గోర్లల్ల గ్రీసు పోని రాజావి.

ఇప్పుడు ఆ ముసలి జీపుకు ఇద్దరు పెండ్లికొడుకులు తయారైండ్రు. ఇను, చెప్త.

మొదటోడు మనోడే. జస్టిన్. మణుగూరుల డంపర్ నడిపి నడిపి బుర్ర గూడ డంపర్ అయిపోయింది వానికి. జీపును మాడల్ చేస్తడట. ఇంజన్ పీకి డీజిల్ ఇంజన్ పెడతడట. ఎంత ఎత్తు టైర్లంటే, నేను ఎక్కాలంటే నిచ్చెన కావాలె. నెత్తి మీద ఆరు లైట్లు. వెనుక డబ్బాలంత స్పీకర్లు. అద్దం మీద "అడవి రాజా" అని రాయిస్తడట. ఎందుకురా నాయనా అంటే, పర్ణశాలకు వచ్చే టూరిస్టులను ఎక్కించుకొని అడవి చూపిస్తడట! ఆ స్పీకర్ల మోతకు అడవిల ఉన్న ఒక్క కుందేలు గూడ ఛత్తీస్‌గఢ్ దాటి పోతది. ఏం చూపిస్తడు, చెట్లకు దండం పెట్టిస్తడా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పుడే ఫోన్ల ఫొటో గూడ తయారుచేసి పెట్టుకున్నడు, జీపు పక్కన నల్లద్దాలు పెట్టుకొని నిలబడ్డట్టు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

రెండోవాడు హైదరాబాద్ నుంచి దిగిండు. జయప్రకాశ్ సారట. మిలిటరీ బండ్లు పాతయి ఎక్కడున్నా పోయి కొంటడట, మళ్ల కొత్తగ చేసి పండుగలకు వరుసల నిలబెడతడట. తెల్ల బూట్లు ఏసుకొని మన గొడ్ల కొట్టంలకు వచ్చిండు. వచ్చినోడు జీపును చూసి టోపీ తీసిండయ్యా! నిజం, మేరీమాత తోడు. టోపీ తీసి, "మేడమ్, ఇది బండి కాదు, చరిత్ర" అన్నడు.

చరిత్రట! దాని సీటు మీద కోడి పొదిగింది మొన్నటిదాకా. ఆ కోడికి గూడ తెల్వలే పాపం, చరిత్ర మీద కూసున్ననని.

సరే, చరిత్రే అనుకుందాం. ఏం చేస్తవ్ సారూ అన్న. ఒరిజినల్ చేస్త అన్నడు. ఆ మాట ఎన్నిసార్లన్నడో! నువ్వు వేసిన నీలం రంగు గీకేసి మిలిటరీ పచ్చ రంగు వేస్తడట. సెలైన్ బాటిల్ తగిలియ్యనీకి నువ్వు పెట్టిన కొక్కెం పీకేస్తడట. కడుపుతోని ఉన్నోళ్లు ఎక్కలేరని కింద ఇనుప మెట్టు అతికించినవ్ సూడు, అదీ పీకుడే. ఇగ వెనకకు పోయిండు. టేపు పెట్టి కొలిచి, నోట్ల ఈగ పోయినట్టు మొహం పెట్టిండు. "ఎవడో నాటు పని చేసిండు మేడమ్. వెనక మూరెడు అతికించి పొడుగు చేసిండు. ఈ తోక కోసేస్తేనే ఒరిజినల్" అన్నడు.

"ఆ నాటోడు నా మొగడే సారూ" అన్న. టోపీ మళ్ల పెట్టుకున్నడు.

ఆరాధన ఏమంటదంటవా? నీ బిడ్డ గదా, ఏమంటది! "ఏదో ఒకటి తేల్చమ్మా, రోజు ఈయన లొల్లి నేను పడలేను" అంటది. కాగితాలు నా పేరు మీదున్నయి. హైదరాబాద్ సారు రేపు పొద్దున లారీ పంపిస్త అంటుండు, ఇస్తవో ఇయ్యవో ఇయ్యాలనే చెప్పాలట. జస్టిన్ పొద్దటి నుంచి మూతి ముడుచుకొని కూసున్నడు. పండుగ పూట కోడికూర ముట్టలే అంటే చూసుకో.

నాకేంది? ఎవడు పట్టుకపోతే నాకేంది! నీ జీపంటే నాకు ఏనాడన్న ప్రేముండెనా? అది నా సవతి. నాకు జ్వరమొస్తే గోలి తెచ్చినోనివి కావు, దానికి ఆయిలు తగ్గిందంటే భద్రాచలం పరుగెత్తెటోనివి. పోయినప్పుడల్లా తిట్టిన దాన్ని. తుప్పుపట్టి పో, నీ టైర్లు పగల అని తిట్టిన.

ఇచ్చేద్దామనే అనుకున్న. హైదరాబాద్ సారుకే. కనీసం టోపీ తీసిండు గదా అని.

కాని పోయిన వారం వాళ్ల మెకానిక్ నాగరాజు అనెటోడు వచ్చిండు, లారీల ఎక్కించే ముందు బండి ఎట్లున్నదో చూడనీకి. మంచోడే, అమ్మా అమ్మా అంటడు. డ్రైవర్ సీటు ఇప్పిండు. ఇప్పి, "అమ్మా, ఇక్కడ ఒక డబ్బా ఉన్నది" అన్నడు. ఇనుప డబ్బా. సీటు కింద, ఎవలకూ కనపడకుండ అతికించి, దానికి చిన్న తాళం. "తాళంచెవి ఉన్నదామ్మా?"

ఉన్నది. ఎక్కడున్నది? ఇక్కడ. నేను ఈ సున్నం వేస్తున్న మట్టి కింద, నీ మెడల, జపమాలతోని పాటు. ఏందయ్యా ఈ తాళంచెవి అని నేను ఎన్నిసార్లు అడగలే? "బాయిల నా పాత పెట్టెది, గుర్తుకు ఉంచుకున్న" అన్నవ్. నీకు స్నానం చేయించినప్పుడు గూడ తియ్యలేదు నేను. బొగ్గుబాయి గుర్తట గదా, పోనీ అని దానితోనే పూడ్చిపెట్టిన.

నాగరాజు కట్టర్‌తోని కోసిండు. లోపల నూనె గుడ్డ. గుడ్డల రోటర్.

ఇదిగో. చూడు. నా కొంగుల్నే ఉన్నది వారం నుంచి. బొటనవేలంత లేదు, నల్ల ముక్క. ఇది లేకపోతే ఇంజన్‌కు నిప్పు అందదు, నువ్వు ఎంత హ్యాండిల్ తిప్పినా అది దగ్గదు, తుమ్మదు. నాకు నేర్పింది నువ్వే గదా. మిలిటరోళ్లు బండి దిగంగనే ఇది పీకి జేబుల వేసుకుంటరు, ఇగ ఎవడూ ఎత్తుకపోలేడు అని. ప్రతి పొద్దుమూకి ఇది పీకి నా చేతుల పెట్టెటోనివి. నేను మేరీమాత బొమ్మ ఎనక పెట్టెదాన్ని. పొద్దున చాయ్‌తోని పాటు నీ చేతికి ఇచ్చెదాన్ని. ఊర్లె ఆడోళ్లు మొగనికి టిఫిన్ డబ్బా ఇస్తే, నేను ఇది ఇచ్చిన. చెప్పుకుంటే నవ్వుతరు గాని, ఆ ఇచ్చుడు నాకు ఇష్టముండె. బండి నీదైనా తాళం నా కాడున్నది గదా అని.

మూడేండ్లు గట్లనే నడిచింది. ఒక్కనాటి తర్వాత నువ్వు ఇచ్చుడు బందు పెట్టినవ్. "నా జేబుల్నే ఉంటది లే" అన్నవ్. నేను అడగలే, ఎందుకు అని. ఎట్ల అడుగుత!

నాగరాజు ఆ ముక్క చేతుల పెట్టుకొని నవ్విండు. "పెద్దాయన స్పేర్ పెట్టుకున్నడమ్మా. కాని తాళమేందమ్మా? ఎవలకు భయపడి దాచిండు?" అన్నడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటరు సూడు. నేను నిజంగనే చెయ్యి భుజం మీద పెట్టుకున్న. "ఆయనకు మతిమరుపు బిడ్డా, అందుకే" అన్న. ఆ పోరడు నా మొహం చూసి, "మతిమరుపోడు తాళం వేసుకుంటడా అమ్మా? తాళం దొంగకు వేస్తరు" అన్నడు. ఊకెనే అన్నడు. వానికేం తెల్సు!

ముప్పై ఎనిమిదేండ్లు. ముప్పై ఎనిమిదేండ్లు నువ్వు నమ్మినవ్ అనుకున్ననయ్యా నేను.

సున్నం అయిపోయింది. ఉండు, నీళ్లు కలుపుత.

ఆ... ఎక్కడున్న? అవ్, ఆ ఆదివారం. చెప్పాలె గదా. నీకు తెల్సినా చెప్పాలె.

ఆరాధన జ్ఞానస్నానం నాడు. వానలు. ఎల్లందు నుంచి బాయిల పనిచేసే మా అన్నలు, నీ దోస్తులు, అందరు ముందురోజే దిగిండ్రు. బిడ్డకు తెల్ల గౌను మధిరల కుట్టించిన, దానికి రెండుసార్లు రైలెక్కి పోయిన. నాకొక్కటే భయం. ఆ నెలల నువ్వు ఏ పండుగకున్నవ్? ఎవడో వచ్చి కడుపునొప్పి అంటడు, ఎవడో పాము అంటడు, నువ్వు జీపెక్కుతవ్. మా అన్న ముందల, మా వదినల ముందల, తండ్రి లేకుండ బిడ్డను ఎత్తుకొని నిలబడుడు నాతోని కాదనుకున్న. ఒక్కపూట. ఒక్క పొద్దున మాకు ఉంటే నీ సొమ్మేం పోతది!

అందుకే పొద్దున చాయ్ ఇచ్చిన గాని, ఇది ఇయ్యలే. మేరీమాత ఎనక నుంచి తీసి ఆవాల డబ్బాల వేసిన. చర్చిల పూజ అయిపోంగనే ఇద్దామనుకున్న. అంతే. అంతకంటే పాపం నా మనసుల లేదు, నీ మీద ఒట్టు.

పదింటికి భద్రు వచ్చిండు. వాగవతలి గుడిసెల గుంపు నుంచి, మోకాళ్లదాంక బురదతోని, ఉరికి ఉరికి. వాని భార్య రామక్క రాత్రి నుంచి నొప్పులు పడుతున్నది, బిడ్డ అడ్డం తిరిగింది. "అన్నా, బండి" అన్నడు. రెండు మాటలే.

నువ్వు కొత్త అంగీ మీదనే పరుగెత్తినవ్. బానెట్ ఎత్తినవ్. మూత తీసి చూసినవ్. అప్పుడు నా మొహం చూసినవ్. "లిదియా, రోటర్ ఏది?"

అప్పుడన్న ఇయ్యొచ్చు గదా! ఆవాల డబ్బా ఎంత దూరం? పది అడుగులు. మా వదినలు చూస్తున్నరు, మా అన్న చూస్తున్నడు, అందరి ముందల నేనే దాచిన అని ఎట్ల చెప్పాలె? నోట్లకెళ్లి అబద్ధం అదే వచ్చింది. "పొద్దున్నే చాయ్‌తోని నీ చేతుల పెట్టిన గదా! ఎక్కడ పారేసుకున్నవో ఏమో, నీ మతి అట్లనే ఉంటది" అన్న. గట్టిగ అన్న గూడ. మా వదినలు నవ్విండ్రు.

నువ్వు జేబులు తడుముకున్నవ్. మంచం కింద చూసినవ్, గడ్డి ఎగేసినవ్. అరగంట. నేను ఆవాల డబ్బా ముందర నిలబడి పులుసు కలుపుతనే ఉన్న. తర్వాత నువ్వు భద్రు భుజం మీద చెయ్యేసి, "తప్పు నాదే భద్రూ, ఎక్కడో పడగొట్టిన. నడువు, మోసుకొద్దాం" అన్నవ్. నడుచుకుంట పోయినవ్.

పోయిన మనిషివి పూజకు రానేలేదు! చూసినవా నా తెలివి? ఎవని కోసం దాచిన్నో వాడే లేడు. మా అన్న ఎత్తుకున్నడు బిడ్డను. ఫాదర్ నీళ్లు పోస్తే ఆరాధన కెవ్వుమని ఏడ్చింది. కోడికూర మంచిగనే అయింది, అందరు తిన్నరు.

మీరు రామక్కను మంచంల పండబెట్టి, తాళ్లు కట్టి, బొంగుకు వేసి నలుగురు మోసుకొచ్చిండ్రు. వాగు కాడికి వచ్చేసరికి పొద్దుగూకింది. అక్కడనే పోయింది. కడుపుల బిడ్డ గూడ. ఆ బిడ్డ ఉంటే ఆరాధన ఈడే.

మర్నాడు నువ్వు వచ్చినవ్. నేను అప్పటికే ఆవాల డబ్బాల నుంచి తీసి నీ పాత అంగీ జేబుల వేసిన. "ఇదిగో, నీ జేబుల్నే ఉన్నది" అన్న. నువ్వు చెయ్యి చాపినవ్. తీసుకున్నవ్. "అట్లనా" అన్నవ్.

అట్లనా! ఒక్క మాట! నా చెంప పగలగొట్టొచ్చు గదా? ఆ అంగీ నువ్వు నాలుగు రోజుల నుంచి వేసుకోనేలేదని నీకు తెల్వదా? తెల్సు. ఇప్పుడర్థమైతున్నది, నీకు ఆ నిమిషమే తెల్సు. తెల్సి, నెల తిరగకముందే వెల్డింగ్ మిషన్ తెచ్చి, నులక మంచం జీపుల పండబెట్టి చూసినవ్. కాళ్లకాడ మూరెడు బయటికి వచ్చింది. ఆ మూరెడు అతికించినవ్. మంచం మంచంగనే పట్టాలె, పండుకున్న మనిషిని లేపొద్దు అన్నవ్. ఇగ అప్పటి నుంచి పురుళ్లు, పాములు, జ్వరాలు. ఏ గుంపుల ఎవలకేమైనా కిరాయి లేకుండ ఊరికెనే పోయుడు. ఊరంతా నిన్ను దేవుడనుకున్నది. నేను గూడ, రోటర్ పారేసుకున్న పాపానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటుండు పాపం, అనుకున్న. జాలిపడ్డనయ్యా నీ మీద! నా అంత సిగ్గులేనిదాన్ని యాడన్న చూసినవా?

నా పాపాన్ని నువ్వు మోసినవ్. మోసినోనివి మోసినట్టుండక, నాకు తెల్వకుండ తాళం వేసుకున్నవ్. పక్కల పండుకున్నదే దొంగని, మెడల తాళంచెవి వేసుకొని ముప్పై ఆరేండ్లు నా పక్కన్నే పండుకున్నవ్. ఇది మంచితనమా? కోపం రాలేదా నీకు? వచ్చింది, అదే ఆ డబ్బా. ఒక్కసారి అడిగి ఉంటే, "ఎందుకు చేసినవే" అని ఒక్కసారి తిట్టి ఉంటే, నీ కాళ్ల మీద పడెదాన్ని. భద్రు కాళ్ల మీద గూడ పడెదాన్ని. అడగలే. పెద్ద దేవునివి!

ఇగ జీపు సంగతి. హైదరాబాద్ సారు ఒరిజినల్ చేస్తడు. ఒరిజినల్ అంటే ఏ రోజుటిది? ఆ ఆదివారం నాటిది. తోక లేదు, కొక్కెం లేదు, మెట్టు లేదు, రామక్కకు జాగ లేదు. నేను ఆవాల డబ్బాల చెయ్యి పెట్టిన నాటి జీపును నిగనిగలాడిచ్చి, పచ్చరంగేసి నా ముందర నిలబెడతడు. జస్టిన్ ఏమో రామక్క జాగల స్పీకర్లు పెడతడు. ఒకడు తోక కోస్తడు, ఇంకొకడు తోక మీద డాన్సు చేపిస్తడు. థూ, ఇద్దరి తెలివి కాకులకు పెట్ట!

జీపు నా పేరు మీద ఉన్నదట. కాగితంల ఉంటే నాదైతదా?

ఆరు కొవ్వొత్తులు పెట్టిన, చాలు గదా. ఫాదర్ ఇంకో గంటకు వస్తడు నీళ్లు చల్లనీకి.

అడుగో. గేటు తీస్తుండు. భద్రు. ఎంత ముసలైపోయిండు చూడు, కర్ర పట్టుకొని. చర్చికి రాడు, మన ప్రార్థన రాదు, కాని పోయిన ఏడు గూడ వచ్చిండు, అడవి పూలు కట్ట కట్టుకొని. "మా అన్న నా కోసం బురదల నడిచిండు" అని ఇక్కడ కూసొని ఏడ్చిండు. నేను పక్కన్నే నిలబడి చాయ్ ఇచ్చిన. ఎప్పుడో క్షమించిండట నిన్ను, నాతోని అన్నడు, మనిషన్నాంక వస్తువు పడిపోదా అక్కా అని. క్షమించింది నిన్ను. చేసింది నేను.

ఉండు, చేతుల సున్నం తుడుచుకోనీ. కొంగు ముడి ఇప్పాలె.

వానికే చెప్త. జీపును ఉంచుకుంటడో, కోయిస్తడో, గోదాట్ల తోసేస్తడో, వాని ఇష్టం. నా మీద ఉమ్మితే ఉమ్మనీ. నువ్వు చెయ్యని పని వాడన్న చేస్తడు. నువ్వు పండుకో. అన్నీ తెల్సి గమ్మున ఉండుడు నీకు అలవాటే గదా.

భద్రూ, ఇటు రా అయ్యా. కూసో. ఉండు, పూలు తర్వాత పెడుదువు. ముందు ఇది పట్టు, నీ చేతుల పట్టు. ఇదే రోటర్ అంటే. రామక్క పోయిన నాడు దీన్ని పారేసుకున్నది మీ అన్న కాదు.